కెస్లర్ కొంగలు ఎన్నడూ ఓడిపోలేదు

డెల్మర్ స్టెలిక్ లెక్కలో కెస్లర్ హైస్కూలు జట్టు పుట్టి బుద్ధెరిగి ఒక్క ఆట కూడా ఓడిపోలేదు. ఓడించిందల్లా గాలి.

నెబ్రాస్కా మైదానాల్లో గాలికి కొదవేం లేదు. చెట్లన్నీ ఒకే పక్కకి వంగి పెరిగే ఊరు కెస్లర్. అయినా ప్రతి ఓటమికీ గాలినే పట్టుకొచ్చి బోనెక్కించిన మనిషి ఆ చుట్టుపక్కల డెల్మర్ ఒక్కడే. చేతుల్తో పట్టి ఆడే అమెరికా ఫుట్‌బాల్లో మనవాడు చేతిలోకొచ్చిన బంతిని జారవిడిస్తే గాలి. దిక్కు తెలియక సొంత గీత వైపే పరిగెత్తితే, అదీ గాలే. "వీపు మీద చెయ్యేసి తోస్తుంటే ఏం చేస్తాడండీ పాపం!" అని మైకులో చెప్పి నిట్టూర్చేవాడు. ఆ నిట్టూర్పు కూడా మైకులో హోరుమని గాలిలాగే వినపడేది.

స్కూలు ఆటలకి వ్యాఖ్యానం చెప్పే మైకు ఆయన చేతికి ఎప్పుడొచ్చిందో ఊళ్లో ఎవరికీ గుర్తు లేదు. ధాన్యం గోదాములో తూకాలు చూశాడు, రిటైరయ్యాడు, భార్యని కాటికి సాగనంపాడు, మోకాలు అరగ్గొట్టుకున్నాడు. ఏది వదిలినా మైకు మాత్రం వదల్లేదు. స్కూలు జట్టు పేరు కొంగలు. "కెస్లర్ కొంగలు వస్తున్నాయి, లేచి నిలబడండి!" అని ఆయన అరిస్తే, గెలిచి తీరతాం కాబోలని కొత్తవాళ్లు నిజంగానే లేచి నిలబడేవాళ్లు. పాతవాళ్లు కూర్చునే చప్పట్లు కొట్టేవాళ్లు.

ఒకసారి పరుగుపందెంలో మనవాడు అందరికంటే వెనకొచ్చాడు. కాఫీ హోటల్లో మంగలి గస్ పట్టుకున్నాడు.

"ఏరా డెల్మర్, పరిగెత్తినోళ్లందరికీ అదే గాలి కదా? మనోడికి స్పెషలుగా వీచిందా?"

"అందుకే నీకు ఆటలు అర్థం కావురా గస్. ముందున్నోళ్లు గాలిని చీల్చుకుంటూ పోతారా? ఆ చీల్చిందంతా ఎక్కడికి పోతుంది? వెనకోడి మొహాన్నే పడుతుంది."

"మరి కుస్తీలో? మన కుర్రాణ్ణి అవతలోడు చాపలా పరిచేశాడే?"

"పొట్ట మీద కూర్చున్నాడు. మనోడి ఒంట్లో గాలంతా పోయింది. గాలి లేకపోయినా కష్టమే, ఉన్నా కష్టమే."

"బాస్కెట్‌బాల్‌కి నాలుగు గోడలుంటాయి కదరా, దరిద్రుడా!"

"గోడల మధ్య ఊరంతా కూర్చుని ఊపిరి పీలుస్తోంది కదరా. ఆ ఊపిరేమైనా మట్టిగడ్డా? గాలే కదా?"

ఎప్పుడూ ఇదే వరస. గస్ కప్పు బల్ల మీద టక్కున పెట్టి, మిగతావాళ్ల వైపు తిరిగి రెండు చేతులూ జోడించేవాడు. హోటలంతా గొల్లుమనేది. ఆటలో ఓడిన సంగతి మర్నాటికి ఎవరికీ గుర్తుండేది కాదు. డెల్మర్ ఏమన్నాడన్నదే గుర్తుండేది.

ఆయన మాటకి నవ్వు రాని మనిషి ఊళ్లో ఒక్కతే ఉంది. ఆడపిల్లల బాస్కెట్‌బాల్ కోచ్, భూగోళం టీచరు మార్లిస్. ఆమెకి డెల్మర్ పేరు వింటేనే ఒళ్లు మండేది. దానికో కారణముంది. ఆమె కూడా ఆ స్కూల్లోనే చదివింది, ఆ కొంగ బొమ్మ చొక్కానే తొడుక్కుంది. జిల్లా ఫైనల్లో, గెలిచే ఆటలో, చివరి ఫ్రీ త్రో ఆమె చేతికొచ్చింది. ఎదురుగా ఎవరూ అడ్డుండరు, తీరిగ్గా గురిచూసి వెయ్యొచ్చు. వేసింది. బంతి రింగు అంచుకి తగిలి బయటికి పడింది. ఆ నిశ్శబ్దంలో డెల్మర్ గొంతు వినపడింది: "ఉత్తరపు గాలండీ. ఉత్తరపు గాలి."

జనం నవ్వారు. తనని చూసే నవ్వారనుకుంది ఆ పిల్ల. బస్సు వెనకాల చేరి వెక్కివెక్కి ఏడ్చింది. పెద్దదయ్యాక టీచరై అదే స్కూలుకి తిరిగొచ్చినా ఆ ముల్లు మాత్రం దిగబడే ఉంది. పైగా ఆమె పాఠం చెప్పే తరగతిలో కూడా ఆయన వదల్లేదు. పరీక్షలో "గాలి ఎందుకు వీచును?" అని అడిగితే, ఏటా ఎవడో ఒకడు "కొంగలను ఓడించుటకు" అని రాసేవాడు. ఏటా ఆమె వాడికి సున్నా వేసేది.

"పిల్లలకి బాధ్యత నేర్పాలి డెల్మర్," అంది ఒకసారి, ఆట అయ్యాక ఆయన మైకు బల్ల దగ్గరికి పోయి. "తప్పు చేస్తే తప్పని తెలియాలి. మీరు దాన్ని జోకు చేస్తున్నారు."

"నేర్పమ్మా, నేర్పు. నువ్వు టీచరువి. నేను ఉత్త గాలిగాణ్ణి," అని మైకు తీగ చుట్టుకుంటూ కూర్చున్నాడాయన.

స్కూలు మూసేస్తారన్న కబురు ఒక యేడు ఆకురాలే కాలంలో వచ్చింది. పిల్లలు లేరు. పొలాలు పెద్దవయ్యాయి, వాటి మీద బతికే కుటుంబాలు తగ్గాయి. వచ్చే ఏటినుంచి కెస్లర్ పిల్లలు పక్కూరు డన్‌మోర్‌కి పోయి చదువుకోవాలి. అదెలాంటి డన్‌మోర్? తాతల కాలంనుంచీ ఎవర్ని ఓడిస్తే చాలు అనుకుంటూ వచ్చారో ఆ డన్‌మోర్. ఇకపైన కొంగల పిల్లలు గద్ద బొమ్మ చొక్కా తొడుక్కోవాలి. ఊరి పెద్దల మీటింగులో ఒక ముసలామె లేచి, "మా ఆయన్ని కొంగ చొక్కాతోనే పాతిపెట్టాను," అని ఒక్క మాట అని కూర్చుంది.

ఆ చివరి సీజను చూడాలి మరి! ఫుట్‌బాల్‌కి కుర్రాళ్లు చాలక జట్టే వెయ్యలేదు. వాలీబాల్లో వరసగా ఓడారు. బాస్కెట్‌బాల్‌కి ఆడపిల్లలు నలుగురే మిగిలారు. అయిదో పిల్ల లేకపోతే ఆటే లేదు. మార్లిస్ టీగన్ దగ్గరికి వెళ్లింది. టీగన్ నిజంగా కొంగలాగే ఉంటుంది. పొడుగాటి కాళ్లు, సన్నటి మెడ, మనుషుల్ని చూస్తే బెదురు. బొమ్మలేసుకునే పిల్ల. బంతి తన వైపొస్తే పక్కకి తప్పుకునే పిల్ల.

"నాకు రాదు కోచ్," అంది.

"రాకపోయినా పరవాలేదు. నిలబడితే చాలు."

"అందరూ చూస్తారు కదా?"

"నువ్వు లేకపోతే చూడ్డానికేం ఉండదమ్మా."

ఆ మాట అన్నందుకు మార్లిస్ తర్వాత చాలా బాధపడింది. ఆ పిల్ల ఒప్పుకుంది.

ఆ చలికాలమంతా ఓడుతూనే ఉన్నారు. చిత్తుగా ఓడారు, కొద్దిలో ఓడారు, గెలుస్తామనుకుని ఓడారు. ఒక్కటే గెలిచారు, అది కూడా అవతలి జట్టు బస్సు మంచులో కూరుకుపోయి రాలేక వదిలేసుకున్న ఆట. ఆ రోజు డెల్మర్ ఖాళీ జిమ్ములో మైకు పట్టుకుని, "ఈసారి గాలి మనవైపు వీచిందండీ!" అని అరిచాడు. వినడానికి నేల తుడిచేవాడొక్కడే ఉన్నాడు. అతను చీపురు కర్ర పైకెత్తి జేజేలు కొట్టాడు.

చివరి ఆట డన్‌మోర్‌తో పడింది. శనివారం మధ్యాహ్నం, కెస్లర్ జిమ్ములో. ఆ స్కూలు ఆడబోయే ఆఖరి ఆట అదే. ఊరు ఊరంతా వచ్చింది. ఎప్పుడో ఊరొదిలి పోయినవాళ్లు దూరాల నుంచి కార్లేసుకుని వచ్చారు. చెక్క మెట్ల మీద చోటు చాలక గోడలకి ఆనుకుని నిలబడ్డారు. పాత కొంగ చొక్కాలు బొజ్జల మీద బిగుసుకుపోయి ఉన్నాయి. గస్ బుగ్గల మీద రంగు పూసుకొచ్చాడు. అది చూసి నవ్వినవాళ్లు కూడా వెంటనే మొహం తిప్పుకుని కళ్లు తుడుచుకున్నారు.

ఏం పూనిందో ఏమో, ఆ అయిదుగురు ఆడపిల్లలూ ఆ రోజు ఆడారు. నిజంగా ఆడారు. డన్‌మోర్ పిల్లలు ముందుకి పోవడం, మనవాళ్లు అందుకోవడం, జిమ్ము పైకప్పు ఎగిరిపోతుందేమోనన్నంత గోల. టీగన్ కూడా బంతి వస్తే తప్పుకోవడం మానేసి పట్టుకుంది. గంట కొట్టబోయే వేళకి మనం ఒకే ఒక్క పాయింటు వెనకున్నాం. బంతి టీగన్ చేతిలో ఉండగా డన్‌మోర్ పిల్ల చెయ్యి అడ్డమొచ్చి తగిలింది. రెఫరీ ఈల వేశాడు. టీగన్‌కి రెండు ఫ్రీ త్రోలు. ఒకటి పడితే సమానం. రెండూ పడితే గెలుపు.

టీగన్ గీత దగ్గర నిలబడింది. మొదటిది వేసింది. రింగుకి కూడా తగల్లేదు. రెండోది రింగు మీద తిరిగింది, ఇంకోసారి తిరిగింది, ఆగింది, బయటికి పడింది. గంట మోగింది.

తిట్టలేదు ఎవరూ. మంచివాళ్లే. కానీ చేతుల్లో మొహాలు దాచుకున్నారు, నేలవైపు చూశారు. ఒకావిడ బిగ్గరగా ఏడ్చింది. టీగన్ అక్కడే గీత మీద కూలబడి మోకాళ్లలో తల పెట్టుకుంది. మార్లిస్ ఆ పిల్ల వైపు అడుగేస్తూ, దేవుడా ఏం చెప్పాలి దీనికి అనుకుంటూ తలెత్తింది. అప్పుడు చూసింది.

డెల్మర్ లేచాడు. మెట్లెక్కాలంటే ఇద్దరు పట్టుకోవాల్సిన మనిషి, దొంగపిల్లిలా గోడ వెంబడి జరజరా నడిచాడు. ఉత్తరం వైపు ఇనప తలుపుని తుంటితో తోశాడు. మంచుగాలి భళ్లున లోపలికొచ్చింది. తలుపు మూసుకుపోకుండా తన బూటు ఒకటి ఊడబెరికి దాని కింద కుక్కాడు. ఒంటి బూటుతో కుంటుకుంటూ వెనక్కొచ్చి కూర్చున్నాడు. మైకు తీశాడు. గొంతు సవరించుకున్నాడు.

"గాలండీ," అన్నాడు. "ఉత్తరపు గాలి."

నెమ్మదిగా తలలు లేచాయి. గస్ లేచి నిలబడ్డాడు. బుగ్గల మీద రంగు కన్నీళ్లతో కలిసి గడ్డం దాకా కారింది.

"నోర్ముయ్యరా డెల్మర్! ఇవాళైనా ముయ్యి! లోపల గాలెక్కణ్ణుంచి వచ్చిందిరా?"

"తలుపులోంచి," అన్నాడు డెల్మర్ అమాయకంగా, మైకులోనే.

అందరూ అటు తిరిగారు. తలుపు బార్లా తెరిచి ఉంది. గడప దగ్గర మంచు రేగుతోంది. గోడకి కట్టిన రంగు కాగితాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"ఎవరు తీశారు దాన్ని?"

"నేనే. ఇందాకెప్పుడో తీశాను. ఉక్కపోసిందీ..."

ఇక చూడాలి! అప్పటిదాకా ఎక్కడ పెట్టుకోవాలో తెలియని దుఃఖమంతా ఊరికి ఒక్కసారిగా చోటు దొరికింది. మెట్లన్నీ లేచి నిలబడ్డాయి. మక్కపేలాల సంచి ఒకటి ఎగిరొచ్చి డెల్మర్ నెత్తిన పడింది. "ముసలి సన్నాసీ!" "నీ ఉక్కపోత తగలెయ్య!" "ఆఖరి ఆట, ఆఖరి ఆటరా!" ఒకడు మొదటి త్రో అప్పుడే తన మెడకి చల్లగా తగిలిందన్నాడు. పక్కవాడు తనక్కూడా అన్నాడు. బంతి గాల్లో వంకర తిరగడం తన రెండు కళ్లతో చూశానని గస్ ఒట్టేశాడు. డన్‌మోర్ వాళ్లు సైతం జాలిపడి, ఇలాంటివాడు మనూళ్లో లేడు నయమే అనుకున్నారు. ప్రిన్సిపాల్ వచ్చి, ఏమీ అనకుండా, డెల్మర్ చేతిలోంచి మైకు తీసుకున్నాడు.

ఆ మైకు మళ్లీ ఆయన చేతికి రాలేదు. మొక్కజొన్న కోతలకి ముందే ఆయన పోయాడు. కెస్లర్ ఆఖరి ఆటని పోగొట్టినవాడు డెల్మర్ స్టెలిక్ అని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. విన్నప్పుడల్లా మార్లిస్ నాలుక కొరుక్కుంటుంది. నిజం బయటికి చెప్పొద్దన్నది ఆయనే.

ఆఖరి ఆట అయిన ఆ సాయంత్రం, జనం వెళ్లిపోయాక ఆమె బూటు పట్టుకుని బయటికొచ్చింది. డెల్మర్ తన పాత ట్రక్కులో కూర్చుని ఉన్నాడు. జేబురుమాలు చుట్టుకున్న కాలు పైకి పెట్టుకుని, జుట్టులోంచి మక్కపేలాలు ఒక్కొక్కటే ఏరుకుని తింటున్నాడు.

"బూటు మర్చిపోయారు," అంది.

"అందుకే కదమ్మా కదల్లేకపోతున్నాను."

ఆమె పక్క సీటులోకి ఎక్కి కూర్చుంది. "నేను చూశాను డెల్మర్. గంట మోగాక తీశారు మీరు తలుపు. ఎందుకు? వాళ్లు మిమ్మల్నెన్ని మాటలన్నారు!"

ఆయన బూటు తాళ్లతో కుస్తీపట్టాడు.

"మా అన్న ఎర్విన్ నీకు తెలీదులే. నువ్వు పుట్టకముందు సంగతి. రాష్ట్ర ఫైనల్లో బంతి జారవిడిచాడు. ఆ రోజు నుంచి వాడు 'జారుడుచేతుల ఎర్విన్' అయిపోయాడు. ఎవరూ చెడ్డవాళ్లు కాదు మార్లిస్, తమాషాకే అనేవాళ్లు. చర్చిలో కానుకల పళ్లెం అందిస్తే, జాగ్రత్త, పడేస్తాడనేవాళ్లు. వాడికి కూతురు పుట్టి బాప్తిస్మానికి తెస్తే, పిల్లని నాకివ్వు, నేను పట్టుకుంటాలే అన్నాడు పాస్టరు. అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు. ఎప్పుడూ నవ్వేవాడు. తర్వాత్తర్వాత సరుకులకి కూడా వేరే ఊరు పోయేవాడు. జుట్టు వాళ్లావిడ కత్తిరించేది. వాడు పోయినప్పుడు శవపెట్టె మోస్తున్నవాళ్లలో ఒకడు, గట్టిగా పట్టుకోండిరా, వాడిలా జారవిడవకండి అన్నాడు. నాకూ నవ్వొచ్చింది. పెట్టె మోస్తూ నవ్వాను."

కిటికీ అద్దం మీద ఆవిరి పట్టింది. ఆయన అరచేత్తో తుడిచాడు.

"పదహారేళ్ల పిల్ల ఒక ఊరిని మొయ్యలేదమ్మా. నేనైతే మోస్తాను. ఎంత? ఇంకెన్నాళ్లని? డాక్టరు కూడా అదే అంటున్నాడు."

మార్లిస్ ఏళ్లుగా అడగాలనుకున్నది అడిగింది. "మరి నా ఆటప్పుడు... నా ఫ్రీ త్రో... ఆ రోజు ఏ తలుపు తీశారు?"

"నీదా? తలుపూ లేదు ఏం లేదు. నీ మోచెయ్యి బయటికి పోయింది."

"డెల్మర్!"

"నిజమే చెబుతున్నా. కోడిరెక్కలాగా పక్కకి పోయింది. ఆ మోచెయ్యే ఇవాళ టీగన్‌లోనూ కనపడింది. నువ్వు నేర్పిందేగా?"

మార్లిస్ నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. ఆయన తన జేబురుమాలు ఇవ్వబోయి, అది కాలికి చుట్టి ఉందని గుర్తొచ్చి, కోటు చేతిని చాపాడు. ఆమె దానితోనే ముక్కు తుడుచుకుంది.

మర్నాడు పొద్దున చర్చి అయ్యాక ఊరంతా కాఫీ హోటల్లో చేరింది. డెల్మర్ మధ్య బల్ల దగ్గర, తిట్లన్నీ తనకే తగిలేలా, చక్కగా అందరికీ అందుబాటులో కూర్చున్నాడు. గస్ ఒక బన్ను చేత్తో పట్టుకుని బంతి ఎలా వంకర తిరిగిందో అందరికీ చూపిస్తున్నాడు. ప్రతిసారీ ఇంకాస్త ఎక్కువ తిరుగుతోంది.

అప్పుడు టీగన్ వాళ్ల నాన్న వెనకాల లోపలికొచ్చింది. రానని పొద్దున్నంతా ఏడ్చిందిట. కళ్లు ఉబ్బి ఉన్నాయి. గుమ్మం దగ్గర తల దించుకుని నిలబడింది, అందరూ తిరిగి చూస్తారని.

ఒక్కరూ చూడలేదు. ఎవరికి తీరికుంది? గస్ బన్ను అప్పుడే గాల్లో ఉంది.

ఆ పిల్ల ఒక కన్నెత్తింది. రెండో కన్నెత్తింది. నెమ్మదిగా వచ్చి బల్ల పక్కన నిలబడి వింది. "అవును," అంది చిన్న గొంతుతో. "నాకూ చెయ్యి మీద చల్లగా తగిలింది."

"చూశావా! చూశావా!" అని గస్ బల్ల గుద్దాడు. "పిల్లకే తగిలిందంటోంది!"

మూల బల్ల దగ్గరున్న మార్లిస్ కాఫీ కప్పులో మొహం దాచుకుంది.

టీగన్ మెడ సాగింది. వీపు నిటారయింది. నడుం మీద చెయ్యేసుకుని డెల్మర్ వైపు తిరిగింది. "స్టెలిక్ గారూ, అంత ఉక్కపోస్తే కోటు విప్పుకోవచ్చు కదండీ!"

హోటలంతా పడీపడీ నవ్వింది. టీగన్ కూడా నవ్వింది. డెల్మర్ తల ఇంకా కిందికి దించాడు, గడ్డం ఛాతీకి తగిలేదాకా.

"తప్పయిపోయిందమ్మా. నిన్నటినుంచీ తిండి సయించడం లేదు."

టీగన్ ఆయన ఎదుటి కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆయన ముందున్న అట్ల పళ్లెం వైపు చూసింది. ఆయన వాటిని ముట్టుకోలేదు. తీపిపాకం మీద వెన్న అప్పుడప్పుడే కరుగుతోంది. ఆ పిల్ల ముందురోజు మధ్యాహ్నం నుంచీ ఏమీ తినలేదు.

"అయితే ఇవి మీరు తినరా?"

"నాకెలా దిగుతాయమ్మా, అంత పాపం చేసి?"

"సరే, ఈసారికి పోనీలెండి," అని టీగన్ పళ్లెం తన వైపు లాక్కుని, ఫోర్కు అందుకుంది.